స్థానిక కుంభాకార సదిశాంతరాళాలు

టోపాలజీ ఉన్న సదిశాంతరాళంలో మూలబిందువు చుట్టూ ఎంత చిన్న సామీప్యం తీసుకున్నా, దానిలో ఇమిడే కుంభాకార సామీప్యం ఒకటి దొరికితే ఆ అంతరాళం స్థానికంగా కుంభాకారం. ఒక సమితిలోని ఏ రెండు బిందువులను కలిపే రేఖాఖండమైనా అందులోనే ఉంటే ఆ సమితి కుంభాకారం. ఈ అంతరాళాల భావనను జాన్ వాన్ నాయ్‌మన్ 1935లో ప్రవేశపెట్టాడు.

ఇక్కడ కొలబద్ద ఒక్కటే కాదు, సెమీనార్మ్‌ల (శూన్యం కాని సదిశకు కూడా సున్నా ఇవ్వగల, నార్మ్ లాంటి కొలతల) కుటుంబం. [0,1] మీద అనంతంగా అవకలనీయమైన ప్రమేయాలను చూడండి: ప్రతి అవకలజపు గరిష్ఠ పరమమూల్యం ఒక్కో సెమీనార్మ్ అవుతుంది. వీటన్నిటి పనీ చేసే ఏకైక నార్మ్ లేదు. హౌస్‌డార్ఫ్ అంతరాళానికి (ఏ రెండు వేర్వేరు బిందువులకైనా ఒకదాన్నొకటి తాకని సామీప్యాలు ఉండేదానికి) అలాంటి నార్మ్ ఉండాలంటే మూలబిందువుకు పరిబద్ధమైన కుంభాకార సామీప్యం ఉండాలని, ఉంటే చాలునని కొల్మొగొరోవ్ 1934లో నిరూపించాడు.

కుంభాకారత ఇచ్చే అసలు బలం హాన్–బనాక్ సిద్ధాంతం.

దాని ఫలితంగా, హౌస్‌డార్ఫ్ లక్షణం కూడా ఉంటే, ఏ రెండు వేర్వేరు బిందువులనైనా ఒక అవిచ్ఛిన్న రేఖీయ ఫంక్షనల్ విడదీస్తుంది. కుంభాకారత పోతే ఈ హామీ ఉండదు: p విలువ 0, 1ల మధ్య ఉన్నప్పుడు [0,1] మీది ఎల్‌పీ అంతరాళంలో శూన్య ఫంక్షనల్ తప్ప మరో అవిచ్ఛిన్న రేఖీయ ఫంక్షనల్ లేదు.

లోరాఁ ష్వార్ట్జ్ డిస్ట్రిబ్యూషన్ల సిద్ధాంతం ఈ పునాది మీదే నిలిచింది; 1950లో ఆయనకు ఫీల్డ్స్ పతకం లభించింది. భౌతిక శాస్త్రవేత్తలు వాడుతున్న డిరాక్ డెల్టాకు అందులో కచ్చితమైన అర్థం దొరికింది: పరీక్షా ప్రమేయాన్ని తీసుకుని, 0 వద్ద దాని విలువను ఇచ్చే అవిచ్ఛిన్న రేఖీయ ఫంక్షనల్.