కత్తి, భూతము, నవ్వు

మాఘ పూర్ణిమనాడు హంసలదీవి సాగరసంగమమున స్నానమాడి వచ్చిన పెద్దలు మనలో ననేకులు గలరు. దేవుని యుత్సవములలో తోలుబొమ్మలాట ఆడించుట తెలుగు పల్లెల పూర్వాచారము. తెల్లని తెరవెనుక దీపములు వెలుగుచుండ రామరావణుల బొమ్మలు ఆయుధములతో తలపడెడివి. పదితలల రావణుని చూచి పసివారు తల్లుల చాటున దాగెడివారు. అంతలో కేతిగాడును బంగారక్కయు ప్రవేశించి, ఒకరినొకరు తిట్టుకొని కొట్టుకొని, ఆ యేడ్చు పిల్లలనే నవ్వించెడివారు.

ఈ కలయిక యేల? ఆట తెల్లవారువఱకు సాగవలెను. వట్టి యుద్ధమైనచో విసుగు పుట్టును; వట్టి భయమైనచో పిల్లలు నిలువరు; వట్టి నవ్వైనచో కథ చెడును. మూడును కలిసిననే ఊరంతయు కూర్చుండును.

ఈ కూర్పే పిమ్మట చలనచిత్రములకు సంక్రమించినది. 1951 మార్చి 15న విడుదలయిన ‘పాతాళభైరవి’ని తలంచుడు. నేపాళ మాంత్రికుడు శక్తికొఱకు సాహసియైన యువకుని బలి యియ్యదలచును. తోట రాముడు ఆ మాంత్రికునే బలి యిచ్చును. ఒక ప్రక్క కత్తిపోరు, ఒక ప్రక్క క్షుద్రపూజ, నడుమ చెలికాడు అంజిగాని చేష్టలు. దర్శకుడు కె. వి. రెడ్డి. మాటలు కూర్చిన పింగళి నాగేంద్రరావుగారు బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో చదివినవారు. రాముని వేషధారి నందమూరి తారక రామారావుగారిది గుడివాడ చెంత నిమ్మకూరు, మాంత్రికుడు ఎస్. వి. రంగారావుగారు నూజివీడున జన్మించిరి. మన కృష్ణా మండలపు గాలి ఆ చిత్రమున నెంత వీచినదో చూడుడు!

అనంతరము కన్నడసీమనుండి వచ్చిన బి. విఠలాచార్యగారు ‘బందిపోటు’ (1963), ‘అగ్గిపిడుగు’ (1964) మున్నగు చిత్రములతో జానపద బ్రహ్మయని పేరొందిరి. ఆయన ‘జగన్మోహిని’ (1978)లో దయ్యము తన కాళ్లనే పొయ్యిలో కట్టెలుగా పెట్టి వంట చేయును. చూచువాడు వణకవలెనో నవ్వవలెనో యెఱుగక రెండును చేయును. హాంకాంగులో సామో హంగ్ 1980 ప్రాంతమున కుస్తీని, ప్రేతమును, హాస్యమును కలిపినప్పుడు లోకము వింతపడినది. కేతిగాని నెఱిగిన మనకది వింత గాదు.

కొందఱు పండితులు వీనిని పిల్లచేష్టలని త్రోసివేసిరి. అది న్యాయము కాదు. అంతకంటె విచారకరమైన సంగతి వేఱొకటి గలదు. తెర మారినది, రాబడి క్రొత్త తెరకు పోయినది, పాతతెర వెనుక తరతరములు బొమ్మలాడించిన కుటుంబములు కూటికై వేఱుపనులు వెదకుకొనవలసి వచ్చినది. ధర్మవరము చెంత నిమ్మలకుంటలో ఆ తోలుతోనే దీపములకు చిత్రపు కప్పులు చేసి యమ్ముకొని బ్రతుకుచున్నారు. చేతిలో విద్య యున్నది. పిలుచు ఊరు లేదు.

పెద్దలారా, వచ్చు ఉత్సవమునకు చందాలు వ్రాయునప్పుడు ఒక రాత్రి ఆటకు కూడ కొంత సొమ్ము వ్రాయుడు. మీ మనుమలు కేతిగాని చూచి నవ్వినచో, వారు సినిమాలలో చూచిన నవ్వు ఎక్కడ పుట్టినదో మీరే వారికి చెప్పగలరు.