వరిచేల వెంట విస్తరించిన ఇస్లాం: తూర్పు బెంగాలు చరిత్ర

1872లో బ్రిటిషు ప్రభుత్వం బెంగాలులో తొలిసారిగా జనాభా లెక్కలు సేకరించినప్పుడు వెల్లడైన ఒక విషయం అధికారులను విస్మయపరిచింది. అంతవరకు వారి ఊహలో బెంగాలు ముస్లింలంటే గౌడ, పాండువా, ముర్షిదాబాదు వంటి రాజధానుల చుట్టూ నివసించే ప్రభువుల, కాజీల, సైనికుల సంతతి. లెక్కలు వేరొక చిత్రాన్ని చూపాయి. పాత రాజధానులున్న మాల్దా, ముర్షిదాబాదు జిల్లాలలో ముస్లింలు సగం కన్న తక్కువగా ఉన్నారు. ఏ సుల్తానూ రాజధానిగా చేసుకోని చిట్టగాంగు, నోవాఖాలి, పాబ్నా, రాజషాహి జిల్లాలలో నూటికి 70 మందికి పైగా, బోగ్రాలో 80 మందికి పైగా ఉన్నారు. వారిలో అత్యధికులు నాగలి పట్టిన రైతులు. సింహాసనానికి దూరమైన కొద్దీ ముస్లింల సంఖ్య పెరగడానికి కారణమేమిటన్న ప్రశ్న ఆనాడు మొదలైంది.

ఈ ప్రశ్న పండితుల చర్చగా మాత్రమే మిగలలేదు. వీరు స్థానిక నిమ్నజాతులకు చెందినవారని, ఏదో ఒక కాలంలో మతం మారారని జనాభా లెక్కల అధికారి బెవర్లీ తన నివేదికలో అభిప్రాయపడ్డాడు. కులీన ముస్లింలకు ఆ మాట అవమానంగా తోచింది. ముర్షిదాబాదు నవాబు వద్ద దివానుగా పనిచేసిన ఖోంద్కార్ ఫజ్ల్-ఎ-రబ్బీ 1895లో ఒక గ్రంథం వెలువరించి, బెంగాలు ముస్లింలలో అధికభాగం అరబ్బు, తురుష్క, ఆఫ్ఘను వంశీయులేనని వాదించాడు. హెర్బర్ట్ రిస్లీ ముక్కుల కొలతలు తీసి జాతి నిర్ణయం చేయబూనాడు. విదేశీయులా, మతం మారినవారా అన్న రెండు పక్షాలే అందరికీ కనిపించాయి. ఆ ప్రజలు అడవి నరికి నేలను మాగాణిగా మార్చిన కాలంలోనే, ఆ పనితో పాటుగానే ముస్లింలయ్యారేమో అన్న మూడవ ఊహ చాలాకాలం ఎవరికీ తట్టలేదు.

రాజ్యవిస్తరణ, మతవిస్తరణ ఒకటి కావన్న సంగతి ఇస్లాం తొలి శతాబ్దాలలోనే కనిపిస్తుంది. క్రీ.శ. 610 ప్రాంతంలో మక్కాలో మహమ్మదు ప్రవక్త తన ప్రబోధం ప్రారంభించాడు. 622లో మదీనాకు తరలివెళ్ళాడు. 632లో ఆయన మరణించే నాటికి అరేబియా ద్వీపకల్పంలో అధికభాగం ఆ ప్రబోధం కిందికి వచ్చింది. ఆపై నూరేళ్ళు గడవకముందే ఖలీఫాల రాజ్యం సింధు నది నుండి స్పెయిను వరకు వ్యాపించింది. ప్రజల మతం మాత్రం ఆ వేగంతో మారలేదు. ఈజిప్టులో శతాబ్దాల పాటు క్రైస్తవులే అధికసంఖ్యాకులు. రిచర్డ్ బులియట్ అనే చరిత్రకారుడు 1979లో ప్రచురించిన గ్రంథంలో, పాత జీవితచరిత్ర కోశాలలోని వంశవృక్షాలలో పేర్లు ఏ తరంలో మారాయో లెక్కించి, అరబ్బులు జయించిన రెండు వందల ఏళ్ళకు గాని ఇరాను ముస్లిం ఆధిక్య సమాజం కాలేదని చూపాడు. తొలి ఉమయ్యదు పాలకులకైతే మత ప్రచారం మీద ఆసక్తి స్వల్పం. కొత్తగా ముస్లింలైనవారి నుండి కూడా జిజియా వసూలు చేసిన అధికారులు ఉండేవారు. ఆ పద్ధతిని మాన్పించడానికి ఖలీఫా రెండవ ఉమర్ (717-720) ప్రత్యేకంగా ఆజ్ఞ ఇవ్వవలసివచ్చింది.

భారత ఉపఖండంలోనూ ఇదే వరుస. మలబారు రేవులకు ఇస్లాం వర్తకుల ఓడలలో వచ్చింది. సింధుకు 711-712లో సైన్యంతో వచ్చింది. ఢిల్లీ, ఆగ్రా పరిసరాలు ఆరు శతాబ్దాలు ముస్లిం ప్రభువుల ఏలుబడిలో ఉన్నా అక్కడి ముస్లింలు అల్పసంఖ్యాకులుగానే మిగిలారు. కత్తి బలమే మత వ్యాప్తికి కారణమన్న వాదానికి దేశపటమే అడ్డు నిలుస్తుంది. కత్తి పదునుగా ఉన్నచోట మతం పలుచగా, పదును తగ్గిన అంచులలో చిక్కగా వ్యాపించింది. కులవ్యవస్థ నుండి విముక్తి కోరి నిమ్నవర్గాలు ఇస్లాంలో చేరాయన్న వాదం వినడానికి ఉదాత్తంగా ఉంటుంది. దానికీ తూర్పు బెంగాలు లొంగదు. బ్రాహ్మణ ధర్మం బలంగా వేళ్ళూనినది పశ్చిమ బెంగాలులో. పద్మా నదికి తూర్పున అది లోతుగా పాకనేలేదు. లేని సంకెళ్ళ నుండి విముక్తి కోరే అవసరం ఎవరికి ఉంటుంది? మధ్యయుగపు ముస్లిం రచయితలు కూడా తమ మతాన్ని సామాజిక సమానత్వం పేరిట కాక, ఏకేశ్వరారాధన పేరిటనే వేరు చేసి చూపుకున్నారు.

బఖ్తియార్ ఖల్జీ నదియాను ఆక్రమించినది 1204 ప్రాంతంలో. ఆపై బెంగాలులో సుల్తానుల రాజ్యం స్థిరపడింది. ఇల్యాస్ షాహీ వంశపు సికందర్ షా 1370 దశకంలో పాండువాలో నిర్మించిన అదీనా మసీదు, ఢిల్లీకి తీసిపోమని చాటిన కట్టడం. అయితే మూడు శతాబ్దాల పాటు ఇస్లాం ప్రధానంగా పట్టణాల మతమే. 16వ శతాబ్ది ఆరంభంలో పోర్చుగీసు రచయిత బార్బోసా బెంగాలు రేవుపట్టణంలో పాలకుల అనుగ్రహం కోసం ప్రతిదినం కొందరు ముస్లింలవుతున్నారని రాశాడు. గ్రామాల ముస్లిం రైతుల ప్రస్తావన ఆయనలో కనిపించదు. 1567లో వెనీసు వర్తకుడు ఫెదెరీచి సంద్వీపు అనే దీవిలో దిగినప్పుడు మాత్రం అక్కడి జనులందరూ ముస్లింలేనని గమనించాడు. ఈ మధ్యకాలంలోనే ఏదో మార్పు జరిగింది.

ఆ మార్పును తెచ్చిన వాటిలో ప్రధానమైనది నది. గంగానది పూర్వం భాగీరథి, హుగ్లీ పాయల మీదుగా పశ్చిమ బెంగాలులో ప్రవహించేది. ఒండ్రు పేరుకొని ఆ పాయలు పూడుతూ రాగా, 16వ శతాబ్ది చివరినాటికి ప్రధాన ప్రవాహం తూర్పుగా జరిగి పద్మానదిగా బ్రహ్మపుత్ర, మేఘనల దిశకు మళ్ళింది. తీపినీరు, సారవంతమైన ఒండ్రు తూర్పు డెల్టాకు దక్కాయి. అంతవరకు వేట, చేపలు పట్టడం, పోడు వ్యవసాయాలతో బతికే చెదురుమదురు జనాలకు నెలవైన చిత్తడి అడవులు వరిసాగుకు అనువైన నేలలయ్యాయి. ఇదే కాలంలో మొగలులు ప్రవేశించారు. 1576లో రాజమహల్ యుద్ధంలో దావూద్ కర్రానీ హతుడయ్యాడు. 1610లో సుబేదారు ఇస్లాం ఖాన్ రాజధానిని ఢాకాకు మార్చాడు. చరిత్రలో మొదటిసారిగా బెంగాలు అధికార కేంద్రం అడవి అంచుకు వచ్చింది.

మొగలు అధికారులు ఇక్కడి ప్రజలను ఇస్లాంలోకి మార్చాలని సంకల్పించలేదనడానికి మంచి నిదర్శనమే ఉంది. ఓడిపోయిన ఒక జమీందారు కుమారుణ్ణి ముస్లింగా మార్చిన సేనానిని ఇస్లాం ఖాన్ శిక్షించినట్లు, ఆనాటి మొగలు ఉద్యోగి మీర్జా నాథన్ తన ‘బహారిస్తాన్-ఎ-ఘైబీ’లో రాశాడు. ప్రభుత్వం కోరినది శిస్తు. శిస్తుకు కావలసినది సాగుభూమి. అందుకై అడవి నరికించగల ఉత్సాహవంతులకు సనదులిచ్చారు. 1666లో షాయిస్తా ఖాన్ చిట్టగాంగును జయించిన తరువాత జారీ అయిన సనదులను అమెరికన్ చరిత్రకారుడు రిచర్డ్ ఈటన్ అక్కడి కలెక్టరు కచేరీ దస్తావేజులలో పరిశీలించాడు. ఒక పీరో, హాజీయో, షేకో అడవిలో మసీదు కట్టి, దాని నిర్వహణకై చుట్టూ ఉన్న అడవిని పన్ను లేని భూమిగా పొందుతాడు. కూలీలను సమకూర్చి అడవిని కొట్టించి పొలం చేయిస్తాడు. ఆ పొలం మీద బతికేవారు మసీదుకు కట్టుబడి ఉండాలి. తెలుగు గ్రామాలలోని ఇనాం, మాన్యాల వ్యవస్థ తెలిసినవారికి ఈ ఏర్పాటు కొత్తగా తోచదు.

ఆ మసీదులు గోపురాలూ మీనార్లూ గల కట్టడాలు కావు. వెదురు తడకలతో, గడ్డికప్పుతో వేసిన పాకలు. పదేళ్ళకు కూలిపోయేవి. వాటి చుట్టూ ఏర్పడిన ఊళ్ళు మాత్రం నిలిచాయి. బ్రాహ్మణులకు, ఆలయాలకు ఇచ్చిన ఇటువంటి సనదులు కూడా ఉన్నాయి. వాటి చుట్టూ వెలసిన పల్లెలు హిందూ పల్లెలయ్యాయి. ఒకే ప్రభుత్వం, ఒకే కాలంలో, ఒకే ప్రయోజనం కోసం రెండు మతాల సంస్థలకూ అడవిని ధారాదత్తం చేసిందన్న ఈ వాస్తవం తరువాతి కాలపు వాగ్వివాదాలలో మరుగున పడిపోవడం విచారకరం.

జనస్మృతిలో నిలిచిన పీరుల కథలు కూడా నేల వాసన కలవే. 1459లో మరణించిన ఖాన్ జహాన్ సుందరవనాల అంచున బాగేర్‌హాట్‌లో అడవి నరికించి, రోడ్లు వేసి, చెరువులు తవ్వించిన సేనాని. ప్రజలు ఆయనను పీరుగా కొలుస్తారు. ఆయన చెరువులోని మొసళ్ళకు యాత్రికులు మొక్కుబళ్ళు చెల్లించేవారు. సిల్హెట్టుకు చెందిన షాజలాల్‌ను 1345 ప్రాంతంలో ఇబ్న్ బతూతా దర్శించాడు. గురువు షాజలాల్‌కు పిడికెడు మట్టి ఇచ్చి, వాసనలో, రుచిలో దీనికి సరితూగే నేల దొరికినచోట స్థిరపడమన్నాడని, సిల్హెట్టు మట్టి దానికి సరిపోయిందని తరువాతి కాలపు గాథ. యోధుడైన ఫకీరును రైతులు తమవాడుగా చేసుకున్న తీరు ఆ గాథలో ఉంది.

1993లో వెలువడిన ఈటన్ గ్రంథం ప్రతిపాదించిన ఈ వివరణ సర్వత్రా అన్వయిస్తుందని చెప్పలేము. ఆయన సాక్ష్యాధారాలలో ముఖ్యమైనవి చిట్టగాంగు, సిల్హెట్టు ప్రాంతాలవి. బోగ్రా, రాజషాహి కొత్తగా తెగిన అడవులు కావు. మహాస్థాన్ అతి ప్రాచీన నగరం. పహార్‌పూర్ పాల రాజుల కాలంనాటి మహావిహారానికి నెలవు. అక్కడ క్షీణించిన బౌద్ధం మిగిల్చిన శూన్యాన్ని ఇస్లాం నింపిందని కొందరు పండితులు భావించారు. ఆ అభిప్రాయాన్ని నిరూపించడం సులభం కాకపోయినా, కొట్టివేయడం తొందరపాటే అవుతుంది.

పడమటి పంజాబులో మాత్రం ఈటన్ వాదానికి చక్కని తోడు దొరుకుతుంది. సంచార పశుపాలకులైన జాట్ తెగలు పాక్‌పత్తన్‌లోని బాబా ఫరీద్ దర్గా చుట్టూ సేద్యానికి స్థిరపడుతూ క్రమంగా ముస్లింలయ్యారు. వారిలో సియాల్ తెగ వంశావళిలో 15వ శతాబ్ది ఆరంభంలో నూటికి 10 ముస్లిం పేర్లుంటే, 19వ శతాబ్ది ఆరంభానికి అన్నీ ముస్లిం పేర్లే. నాలుగు వందల ఏళ్ళు పట్టిన మార్పును ‘మతమార్పిడి’ అనే ఒక్క మాటలో ఇముడ్చడం కష్టం. దక్కనులో కథ తిరగబడింది. గోల్కొండ కుతుబ్‌షాహీలు 1518 నుండి 1687 వరకు, అసఫ్‌జాహీలు 1724 నుండి 1948 వరకు ఏలినా, 1941 లెక్కలలో హైదరాబాదు సంస్థానపు ముస్లింలు నూటికి 13 మంది మాత్రమే. కాకతీయుల నాటికే ఇక్కడ రామప్ప, పాకాల వంటి చెరువుల కింద సేద్యం, ఆలయాలు, గ్రామవ్యవస్థ స్థిరపడ్డాయి. కొత్తగా దిద్దుకోవలసిన సమాజం ఇక్కడ లేదు. తెలంగాణ, రాయలసీమ పల్లెలలో అన్ని కులాలవారు కలిసి చేసుకొనే పీర్ల పండుగ, ఈ నేలపై ఇస్లాం మరొక రీతిలో ఇంకిందనడానికి గుర్తు.

తూర్పు బెంగాలులో కొత్త మతం కొత్త భాషలో రాలేదు. అల్లాను నిరంజనుడని, ప్రవక్తను అవతారమని పిలిచిన బెంగాలీ కవులున్నారు. 16-17 శతాబ్దాల సంధికాలానికి చెందిన చిట్టగాంగు కవి సయ్యద్ సుల్తాన్ తన ‘నబీవంశ’ కావ్యంలో మహమ్మదుకు పూర్వం వచ్చిన వారి వరుసలో కృష్ణుడికి సైతం చోటు కల్పించాడు. అయేషా ఇరానీ 2021లో వెలువరించిన గ్రంథం ఈ కావ్యాన్ని విపులంగా పరిశీలించింది. దీనిని కల్తీ మతమని ఈసడించినవారు ఆనాడూ ఉన్నారు, ఈనాడూ ఉన్నారు. అరబ్బీ రాని రైతుకు మతం అందాలంటే మరొక మార్గం లేదన్నది ఆ కవుల సమాధానం. 17వ శతాబ్దికి చెందిన అబ్దుల్ హకీమ్ ‘నూర్‌నామా’లో బెంగాలీని ద్వేషించేవారిని కటువుగానే నిందించాడు.

19వ శతాబ్దిలో గాలి మారింది. మక్కాలో చాలాకాలం గడిపి తిరిగివచ్చిన ఫరీద్‌పూర్ వాసి హాజీ షరియతుల్లా (1781-1840) ఫరాయిజీ ఉద్యమాన్ని నడిపి, దర్గాల ఉత్సవాలను, స్థానిక ఆచారాలను నిషేధించాడు. ఆవిరి ఓడలు హజ్ యాత్రను సులభం చేశాయి. జనాభా లెక్కల కాగితం ప్రతి మనిషినీ హిందువో, ముస్లిమో తేల్చుకొమ్మని అడిగింది. రైతు కుటుంబాలు తమను షేకులుగా నమోదు చేసుకోసాగాయి. అంతకుముందు కలసి ఉన్నవి విడివడుతూ వచ్చాయి; ఆ చీలిక 1947లో సరిహద్దు రేఖగా మారింది.

చిట్టగాంగుకు చెందిన అబ్దుల్ కరీం సాహిత్య విశారద (1871-1953) దశాబ్దాల పాటు పల్లెపల్లె తిరిగి పాత పుతీలను సేకరించాడు. రైతుల ఇళ్ళలో పాడుబడుతున్న ఆ రాతప్రతులలో ముస్లిం కవుల కావ్యాలూ ఉన్నాయి, హిందూ కవుల కావ్యాలూ ఉన్నాయి. ముస్లిం కవుల ప్రతులు ఢాకా విశ్వవిద్యాలయానికి, హిందూ కవుల ప్రతులు రాజషాహిలోని వరేంద్ర మ్యూజియానికి చేరాయి. 1952 ఫిబ్రవరి 21న ఆ ఢాకా విశ్వవిద్యాలయ పరిసరాలలోనే, ఉర్దూతో సమానంగా బెంగాలీని కూడా రాజ్యభాష చేయాలని కోరిన విద్యార్థులపై పోలీసులు కాల్పులు జరిపారు.