నల్లగొండ పద్ధతి: ఒక నీటి రసాయన చరిత్ర

వ్యాససంగ్రహం

తాగునీటి నుంచి ఫ్లోరైడ్‌ను తొలగించే ఒక విధానం శాస్త్ర సాహిత్యంలో ‘నల్లగొండ పద్ధతి’ అనే పేరుతో స్థిరపడింది. ఆ పేరునిచ్చిన జిల్లా మాత్రం ఆ పద్ధతితో తన సమస్యను తీర్చుకోలేకపోయింది. ఈ వైరుధ్యానికి మూలం రసాయన సూత్రంలో కంటే, నీటిని నిత్యం కనిపెట్టి ఉండే బాధ్యత ఎవరిదో తేలకపోవడంలోనే ఎక్కువగా ఉందని ప్రతిపాదించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: నల్లగొండ, మహబూబ్‌నగర్, ఫ్లోరైడ్, క్షారత, పటిక, సున్నం.

1. ఉపోద్ఘాతం

ఇంట్లో గాజుతొట్టిలో పగడాలను పెంచేవారికి నీటి రసాయనమే ప్రధాన చింత. పగడం తన గూటిని కాల్షియం కార్బొనేటుతో కట్టుకుంటుంది. అందుకు సముద్రపు నీటిలో వలె లీటరుకు 400 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం, తగినంత క్షారత ఉండాలి. పగడం పెరిగేకొద్దీ ఈ రెండూ తరుగుతాయి కనుక, పెంచేవారు తరచూ నీటిని పరీక్షించి లెక్క ప్రకారం లవణాలు కలుపుతూ ఉండాలి. ఇది తీరిక, పరికరాలు, డబ్బు ఉన్నవారు ఇష్టంతో చేపట్టే పని. దాదాపు ఇటువంటి శ్రద్ధనే నల్లగొండ పద్ధతి పల్లెల నుంచి ఆశించింది. అక్కడ పణంగా ఉన్నవి మనుషుల ఎముకలు.

2. నేల, నీరు

దక్షిణ తెలంగాణ ఎగువ భూములు గ్రానైటు నేలలు. నల్లగొండ ప్రాంతపు గ్రానైటు శిలల్లో ఫ్లోరైడ్ సాధారణ గ్రానైటులో కంటే ఎక్కువ. వాన తక్కువ, ఎండ ఎక్కువ కావడంతో భూగర్భజలం రాతి పగుళ్ళలో చాలాకాలం నిలిచి, బైకార్బొనేటును కూడగట్టుకుంటుంది. క్షారత పెరిగిన నీటిలో కాల్షియం సున్నపురాయిగా పేరుకుని వేరైపోతుంది. ఫ్లోరైడ్‌ను పట్టి ఉంచవలసిన కాల్షియం తగ్గడం వల్ల ఫ్లోరైడ్ నీటిలోనే కరిగి ఉండిపోతుంది. సముద్రపు నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు సుమారు 1.3 మిల్లీగ్రాములు. భారతీయ ప్రమాణం ప్రకారం తాగునీటిలో అది 1 మిల్లీగ్రాము దాటకూడదు. మరో ఆధారం లేనప్పుడు 1.5 వరకు అనుమతి. నల్లగొండలోని అనేక బావులు సముద్రాన్ని సైతం మించాయి. అదే శిలాస్వభావం మహబూబ్‌నగర్‌లోకీ కొనసాగుతుంది. అక్కడి కొన్ని ప్రాంతాల్లోనూ ఈ సమస్య ఉంది.

3. వ్యాధిని గుర్తించిన క్రమం

తెలుగు నేలపై ఈ వ్యాధి శాస్త్రదృష్టికి వచ్చింది మొదట నల్లగొండలో కాదు. 1937లో షార్ట్ తదితరులు నాటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లాలో ఎముకలకు సోకిన ఫ్లోరోసిస్‌ను వివరించారు. 1945లో డావర్ హైదరాబాద్ సంస్థానంలోని దంత ఫ్లోరోసిస్‌పై రాశారు. 1955లో సిద్దిఖీ నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్‌పై చేసిన అధ్యయనం బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడింది. అదే సంవత్సరం డిసెంబరు 10న ఈ జిల్లాలోనే నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది. కృష్ణానీరు ఎడమ కాలువ వెంట పల్లపు పొలాలకు పారింది. మర్రిగూడ వంటి మెట్ట ప్రాంతాలు బావుల మీదనే ఆధారపడ్డాయి.

1973లో జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి మరొక లక్షణాన్ని లాన్సెట్ పత్రికలో నమోదు చేశారు. ఎదిగే వయసు పిల్లల్లో మోకాళ్ళు లోపలికి ఒరిగి పాదాలు ఎడమైపోతున్నాయి. అంటే, నీటిలోని దోషం తెలిసిన తరువాత కూడా మరొక తరం ఆ నీటినే తాగింది.

4. పద్ధతి స్వరూపం

నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) శాస్త్రజ్ఞులు నవ్లాఖే, కులకర్ణి, పాఠక్, బులుసు 1975లో ఈ పద్ధతిని ప్రకటించారు. నీటిలో ముందు సున్నం లేదా సోడా, తరువాత బ్లీచింగ్ పౌడర్, పటిక కలుపుతారు. పటిక నుంచి ఏర్పడే అల్యూమినియం హైడ్రాక్సైడ్ తెట్టెలు ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుగుకు దిగుతాయి. పైన తేరిన నీటిని వడగట్టి తాగుతారు. పటిక నీటి క్షారతను హరిస్తుంది; సున్నం దానిని పూరిస్తుంది. సామగ్రి అంతా అంగడిలో దొరికేదే. విద్యుత్తు లేని ఇంట్లో బకెట్టుతోనూ చేయవచ్చు. కనుకనే ఇది టాంజానియా, కెన్యా, ఇథియోపియాల వరకు వెళ్ళింది.

5. ఆచరణలోని చిక్కులు

కష్టం మోతాదులో ఉంది. ఎంత పటిక వేయాలో ఆ నీటి ఫ్లోరైడ్, క్షారతలను బట్టి నిర్ణయించాలి. లీటరుకు వందల మిల్లీగ్రాముల పటిక అవసరమవుతుంది. బావినీటి గుణం కాలాన్ని బట్టి మారుతుంది కనుక ఒకసారి వేసిన లెక్క ఏడాది పొడవునా పనికిరాదు. తక్కువ వేస్తే ఫ్లోరైడ్ మిగులుతుంది. లెక్క తప్పితే నీటిలో అల్యూమినియం మిగలవచ్చు. ఫ్లోరైడ్ నిండిన అడుగుమడ్డిని ఎక్కడ పారబోయాలన్నది మరొక ప్రశ్న. ఫ్లోరైడ్‌కు రంగు, వాసన లేవు. శుద్ధి సరిగా జరిగిందో లేదో బిందె ఎత్తుకున్న స్త్రీ కంటితో చూసి చెప్పలేదు. పగడాల తొట్టిలో తప్పు వారాల్లో బయటపడుతుంది. ఎముకల్లో అది బయటపడడానికి ఏళ్ళు పడుతుంది. పరీక్షించేవారు, సామగ్రి అందించేవారు నిలకడగా లేనిచోట ఈ పద్ధతి నిలవలేదు.

6. నీటి మూలాన్ని మార్చాలన్న కోరిక

అందుచేత ప్రజల కోరిక శుద్ధి నుంచి నదీజలం వైపు మళ్ళింది. దుశ్చర్ల సత్యనారాయణ నాయకత్వంలోని జలసాధన సమితి ఈ కోరికకు ఉద్యమరూపమిచ్చింది. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి 480 మంది పోటీ చేయడం ఆ ఉద్యమంలో దేశం గమనించిన ఘట్టం. తెలంగాణ ఏర్పడిన తరువాత మిషన్ భగీరథ పథకానికి 2015లో, అప్పట్లో ఈ జిల్లాలో ఉన్న చౌటుప్పల్‌లోనే పైలాన్ ఆవిష్కరించారు. శుద్ధిచేసిన నదీజలాన్ని ఇంటింటికీ చేర్చడం ఆ పథకం ఆశయం.

7. ముగింపు

నల్లగొండ పద్ధతి రసాయనశాస్త్ర పరంగా సఫలమైన ఆవిష్కరణ. అయితే అది నీటి సంరక్షణ భారాన్ని అందుకు అతి తక్కువ వనరులున్న ఇంటిమీద, ఊరిమీద మోపింది. నదీజలం ఆ భారాన్ని వ్యవస్థకు బదిలీ చేసింది. పరీక్ష అవసరాన్ని మాత్రం తొలగించలేదు. కొళాయి ఆగిన రోజున ఊరు మళ్ళీ బోరు దగ్గరకే వెళ్తుంది. వంగిన ఎముక తిరిగి నిటారు కాదు. నల్లగొండ పేరు మోస్తున్న ఈ పద్ధతి చరిత్రను రాసేటప్పుడు సూత్రాన్ని కనుగొన్నవారితో పాటు, ఆ నీటిని తాగిన తరాలను కూడా లెక్కలోకి తీసుకోవలసి ఉంది.