కోవాక్సిన్ మూడో దశ ప్రయోగం

కోవిడ్ టీకా కోవాక్సిన్ పనిచేస్తుందా లేదా అని తేల్చడానికి 2020 నవంబరులో మొదలైన పరీక్ష. షామీర్‌పేట దగ్గర జీనోమ్ వ్యాలీలో ఉన్న భారత్ బయోటెక్, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్)తో కలిసి దీన్ని నిర్వహించింది. దేశవ్యాప్తంగా 25 ఆసుపత్రుల్లో 25,798 మంది పెద్దలు పాల్గొన్నారు.

అంటువ్యాధి ఎవరికి సోకుతుందో ముందే చెప్పడం ఎవరి తరమూ కాదు. వయసు, ఇంట్లో ఎంతమంది, రోజూ ఎక్కే బస్సు, ఆ వారం వెళ్లిన పెళ్లి: కారణాలు లెక్కకు అందవు. అందుకే వాటి వెంట పడకుండా, ఎవరికి టీకా, ఎవరికి ప్లాసిబో, అంటే ఉత్తుత్తి సూది, అన్నది యాదృచ్ఛికంగా నిర్ణయించారు. వేసేవారికీ వేయించుకునేవారికీ ఏది ఏదో తెలియదు. యాదృచ్ఛికంగా పంచడం వల్ల మనకు తెలిసిన కారణాలే కాదు, తెలియనివి కూడా రెండు వర్గాల్లో ఇంచుమించు సమానంగా సర్దుకుంటాయి. ఈ పద్ధతికి పునాది 1920లలో ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ పొలాల్లో గణాంకవేత్త ఆర్.ఎ. ఫిషర్ వేశాడు.

అంతకుముందు వైరస్ సోకని 16,973 మందినే ప్రధాన లెక్కలోకి తీసుకున్నారు. టీకా వర్గంలో 8,471, ప్లాసిబో వర్గంలో 8,502. లక్షణాలతో బయటపడిన కేసులు 130. వాటిలో టీకా వర్గానివి 24, ప్లాసిబో వర్గానివి 106. టీకాకు ఏ ప్రభావమూ లేదనుకుందాం. అప్పుడు ప్రతి కేసూ బొమ్మాబొరుసు వేసినట్టు ఎటైనా పడాలి. టీకా వైపు 65 రావాలి, కాకతాళీయంగా అటూ ఇటూ ఊగే కొలత, అంటే ప్రామాణిక విచలనం, సుమారు 5.7. అంటే 50కి తగ్గడమే అరుదు. 24 అన్నది ఏడు విచలనాలకు పైగా దూరం, కాకతాళీయం అనడానికి వీల్లేదు.

సామర్థ్యం 77.8 శాతం అని మారుమోగింది. అంతకంటే ముఖ్యం దాని వెంట ఉన్న 95 శాతం విశ్వాస అంతరం, అంటే అసలు సామర్థ్యం ఉండగల హద్దులు: 65.2 నుంచి 86.4. తీవ్ర వ్యాధిపై 93.4 శాతం అన్నది మరింత ఘనంగా వినిపిస్తుంది గానీ, దాని వెనక ఉన్నవి 16 కేసులే (టీకా వర్గంలో 1, ప్లాసిబో వర్గంలో 15). కాబట్టి అంతరం 57.1 నుంచి 99.8 దాకా సాగింది.

ఈ ఫలితాలేవీ రాకముందే, 2021 జనవరి 3న అత్యవసర వినియోగానికి అనుమతి ప్రకటించడం విమర్శలకు గురైంది. ఆ విమర్శ న్యాయమైనదే. పూర్తి ఫలితాలు నవంబరులో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చాయి. అవి మే 17 వరకు నమోదైన కేసులవి. వైరస్ కొత్త రూపం ఒమిక్రాన్‌ను గుర్తించింది నవంబరులో గనక, దానిపై టీకా ఎంత పనిచేస్తుందో ఈ ప్రయోగం చెప్పదు.