ప్లేగు బోనసు

కామర్సు చదివే విద్యార్థి ఒకతను ఈమధ్య నా దగ్గరికొక ప్రశ్న పట్టుకొచ్చాడు. వ్యాపార సంస్థల మేనేజర్లు తీసుకునే నిర్ణయాలకు పరిసరాల పరిస్థితులే మూలమని అతని పాఠ్యపుస్తకం చెబుతోందట. అదే నిజమైతే మేనేజరును తప్పుపట్టడం ఎట్లా అని అతని సందేహం. సాహిత్యం చెప్పుకునేవాడిని, నాకు మిల్లుల లెక్కలెందుకని తప్పించుకోవచ్చు. కాని ఈ ప్రశ్నలో ఒక మెలిక వుంది. వానను, వ్యాధిని, యుద్ధాన్ని ఒకే గాటన కట్టి "పరిస్థితులు" అనేస్తే, వాటి మధ్య ఎవరు గడించారు, ఎవరు చచ్చారు అన్న సంగతి మరుగునపడిపోతుంది. మన దేశపు బట్టల మిల్లుల చరిత్ర చూస్తే ఇది తెలుస్తుంది.

1896 సెప్టెంబరులో బొంబాయి మాండ్వీ ప్రాంతంలో ప్లేగు బయటపడింది. కొద్ది నెలల్లోనే లక్షల మంది ఊరు విడిచి పారిపోయారు. బతుకుతెరువు వెతుక్కుంటూ వెళ్ళిన మన పద్మశాలీలెందరికో తావైన మిల్లులే అవి. అక్కడ జీతం నెలకొకసారి, అదీ నెల గడిచిన తర్వాత కొన్ని వారాలకు చేతికొచ్చేది. చేసిన పనికి రావలసిన డబ్బు యజమాని దగ్గరే చిక్కుకుని వుంటే కూలివాడు ఎక్కడికి పోతాడు? అటువంటి మిల్లుల మేనేజర్లు 1897లో వీధి మలుపుల్లో నిలబడి ఒకరిమీద ఒకరు పోటీపడి కూలీలను పిలుచుకున్నారు. ఏ రోజు కూలి ఆ రోజే చెల్లించారు. అంతకుముందు కుదరదన్న పద్ధతి ఒక్కసారిగా కుదిరింది. వ్యాధి తగ్గిన కొద్దీ మళ్ళీ నెలజీతమే వచ్చి కూర్చుంది.

అహమ్మదాబాదు కథ ఇంతకంటె విపులంగా చెప్పుకోదగ్గది. 1917లో అక్కడ వానలు విపరీతంగా కురిసి పంటలు పోయాయి. ధరలు పెరిగాయి. దానికితోడు ప్లేగు. ఇంకొక పక్క యుద్ధం మూలాన ఓడలు కరువై లాంకషైరు బట్ట రావడం తగ్గి, దేశంలోని మిల్లులకు లాభాల పంట పండుతున్నది. అటువంటి సమయంలో మగ్గాలు ఆగిపోతే యజమానికి ఎంత నష్టమో వేరే చెప్పాలా? అందుచేత నేతపనివాళ్ళు ఊరు వదలకుండా వుండడానికి ఆగస్టు నుంచి ప్లేగు బోనసు ఇచ్చారు. కొన్నిచోట్ల అది జీతంలో 70, 80 శాతం దాకా పోయింది.

ఇక్కడొక సంగతి గమనించాలి. అదే ఊళ్ళో, అదే వ్యాధి మధ్య పడుగు విభాగంలో పనిచేసేవాళ్ళకు ఈ బోనసు దక్కలేదు. ఎలుకలు వాళ్ళ ఇళ్ళలోనూ చచ్చాయి. బియ్యం, గోధుమల ధర వాళ్ళకూ పెరిగింది. ఆ డిసెంబరులో అనసూయా సారాభాయి నాయకత్వాన వాళ్ళు 25 శాతం పెంపు కోరి సమ్మెకు దిగవలసి వచ్చింది. పరిస్థితులే నిర్ణయాన్ని చేస్తాయనేవారు దీనికేం జవాబు చెబుతారు? బోనసు వ్యాధి తీవ్రతను బట్టి రాలేదు. ఎవరు వెళ్ళిపోతే మిల్లు ఆగుతుందన్న లెక్కను బట్టి వచ్చింది.

1918 జనవరిలో ప్లేగు తగ్గింది. బోనసు తీసివేస్తామన్నారు యజమానులు. ధరలు మాత్రం తగ్గలేదు. ప్లేగు బోనసుకు బదులు 50 శాతం కరువు భత్యం కావాలన్నారు నేతపనివాళ్ళు. యజమానులు 20 శాతం దగ్గర ఆగారు. వాళ్ళకు నాయకుడుగా నిలిచిన అంబాలాల్ సారాభాయి, అనసూయా సారాభాయికి స్వయానా తమ్ముడు. ఒకే ఇంట్లో పెరిగినవాళ్ళు, ఒకే ఊరిగాలి పీల్చినవాళ్ళు, చెరొక వైపు నిలిచారు. పరిసరాలు ఒకటైనంత మాత్రాన నిర్ణయం ఒకటి కానక్కరలేదనడానికి ఇంతకంటె సాక్ష్యం అక్కరలేదు.

మధ్యవర్తిత్వం చెడి ఫిబ్రవరి 22న లాకౌటు మొదలైంది. గాంధీ 35 శాతం న్యాయమని తేల్చి, కార్మికులను అందుకు ఒప్పించాడు. 50 నుంచి 35కు దిగింది కార్మికులే అన్నది మనం మరచిపోకూడదు. మార్చి 12న యజమానులు 20 శాతానికి ఒప్పుకున్నవారికి తలుపులు తెరిచారు. ఆకలి ఎక్కువై కార్మికుల పట్టు సడలుతున్న సమయంలో, 15న గాంధీ నిరాహారదీక్ష పట్టాడు. 18న రాజీ కుదిరింది. ఆ రాజీ చూడండి: మొదటి రోజు 35 శాతం, రెండవ రోజు 20 శాతం, తర్వాత తీర్పు వచ్చేదాకా ఇరవైయేడున్నర. మొదటి రోజు కార్మికుల ప్రతిజ్ఞకు, రెండవ రోజు యజమానుల పట్టుదలకు! ఇరుపక్షాల పరువూ నిలబడిందన్నారు. పరువు సంగతి అటుంచితే, మధ్యవర్తి ఆనందశంకర ధ్రువ ఆగస్టులో 35 శాతమే ఇవ్వాలని తీర్పు చెప్పాడు. ఫిబ్రవరిలో ససేమిరా వల్లగాదన్న అంకె అది.

అంటే పరిస్థితులకు బలం లేదనడం నా ఉద్దేశం కాదు. ప్లేగే రాకపోతే 1917లో ఆ బోనసు లేదు. కాని ప్లేగు చేసిన పని యజమాని మనసు మార్చడం కాదు, కార్మికుడికి వెళ్ళిపోగల శక్తిని ఇవ్వడం. ప్లేగు తగ్గాక ఆ శక్తిని సమ్మె రూపంలో కార్మికులు తామే తెచ్చుకోవలసి వచ్చింది. 1920లో వాళ్ళ సంఘం ఏర్పడింది. యుద్ధకాలపు గిరాకీ తగ్గిన తర్వాత, 1923లో, యజమానులు మళ్ళీ పరిస్థితుల పేరు చెప్పి జీతాల్లో 20 శాతం కోత పెట్టారు. సమ్మె జరిగింది. చివరకు కోత సుమారు పదిహేనున్నర శాతం దగ్గర ఆగింది.