అటకెక్కే ఫైళ్లు

బొర్రాలో నాది జిరాక్స్ దుకాణం. గుహలు చూడ్డానికి వచ్చేవాళ్లకన్నా ఆధార్, పోడు పట్టా, కుల ధ్రువపత్రం నకళ్లకొచ్చే చుట్టుపక్కల ఊళ్లవాళ్లే నాకు బేరం. కంప్యూటర్ ముసలిది, మెమరీ 2 జీబీ. లినక్స్ వేసి, స్కాన్లు పడే టెంప్ ఫోల్డర్‌ని టిఎంపిఎఫ్ఎస్‌లో పెట్టాను. ఫైళ్లు మెమరీలోనే ఉంటాయి. అది చాలనప్పుడు కొన్ని డిస్క్‌లోని స్వాప్‌కి పోతాయి. ఇరుకింట్లో సామాను అటకెక్కించినట్టు.

ఇలా అటకెక్కించే ఉపాయం లేమిలో పుట్టింది. 1962లో మాంచెస్టర్‌లో మొదలైన అట్లాస్ కంప్యూటర్‌కి కోర్ మెమరీ 16 వేల పదాలే. టామ్ కిల్‌బర్న్ బృందం దానికి 96 వేల పదాలు పట్టే అయస్కాంత డ్రమ్ము తగిలించింది. 512 పదాలు ఒక పేజీ. ఏ పేజీ డ్రమ్ముకి పోవాలో యంత్రమే తేల్చేది. అంతకుముందు ఆ మోతంతా ప్రోగ్రాం రాసేవాడిదే, పాపం. మన హైదరాబాదులో 1967లో వెలిసిన ఇసిఐఎల్ చేసిన టిడిసి-12 కంప్యూటర్ కూడా కోర్ మెమరీదే. ఒక్కో బిట్టుకి ఒక్కో ఫెర్రైట్ పూస, తీగలకి గుచ్చాలి. అంత ఖరీదైన సరుకుని ఎవరు దుబారా చేస్తారు? ఆ పూసల్లో ఉన్నది కరెంటు పోయినా చెరిగేది కాదు. ఇప్పటి మెమరీ అలా కాదు.

తాత్కాలిక ఫైళ్లను మెమరీలోనే దాచే పద్ధతి మీద 1990లో బర్క్‌లీ యూనిక్స్ వాళ్లూ, సన్ కంపెనీలో పీటర్ స్నైడరూ వ్యాసాలు రాశారు. రాసిన క్షణానికే చెరిపేసే ఫైలుని డిస్క్ దాకా మోయడం దండగ కదా! లినక్స్‌కి టిఎంపిఎఫ్ఎస్ 2001లో వచ్చింది. ర్యామ్‌ఎఫ్ఎస్ అని ఇంకోటుంది; దానికి హద్దు లేదు, స్వాప్ లేదు, నిండితే యంత్రం కుదేలే. టిఎంపిఎఫ్ఎస్ మనం వేరే చెప్పకపోతే మెమరీలో సగం దగ్గర ఆగుతుంది. 2025లో వచ్చిన డెబియన్ 13 టెంప్ ఫోల్డర్‌ని మొదట్నుంచే ఇందులో పెడుతోంది.

అందరూ వేగం కోసమంటారు. నాకు వేరే పని. యంత్రం ఆపితే మెమరీలోని పట్టా నకలు పోతుంది. మావాళ్ల కాగితాలు నా దగ్గర పేరుకోవు. కానీ స్వాప్‌కి పోయిన ముక్క డిస్క్ మీదే మిగులుతుంది, యంత్రం ఆపినా సరే. నా స్వాప్‌కి అందుకే యంత్రం మొదలైన ప్రతిసారీ కొత్త తాళంతో ఎన్‌క్రిప్షన్ పెట్టాను. జిరాక్స్ దుకాణాలు నడిపే తమ్ముళ్లూ, మీరూ అది పెట్టండి.