ముజెన్‌బెర్గ్ లెక్కలో రెండు ఓడలు

జలాంతర్గామి కమాండర్ల కీర్తిని టన్నుల్లో కొలుస్తారు. ఎన్ని ఓడలు ముంచాడు, అవి మొత్తం ఎన్ని టన్నులు? అంతే లెక్క. రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్ కమాండర్ ఒట్టో క్రెచ్మర్ నలభైకి పైగా ఓడలు ముంచి ఆ పట్టికలో పైన కూర్చున్నాడు. వెర్నర్ ముజెన్‌బెర్గ్ ముంచినవి రెండే. 13,298 టన్నులు. ఈ లెక్కన ఆయన పేరు ఎవరికీ గుర్తుండక్కర్లేదు. మనకు మాత్రం ఉండాలి. ఆయన పడవలో సుభాస్ చంద్రబోస్‌తో పాటు ఒక హైదరాబాదీ ప్రయాణించాడు.

ఆ హైదరాబాదీ ఆబిద్ హసన్. ఇంజనీరింగ్ చదవడానికి జర్మనీ వెళ్లి, అక్కడ బోస్‌ని కలిశాక చదువు పక్కనపెట్టి ఆయన కార్యదర్శి అయ్యాడు. ‘జై హింద్’ అనే పలకరింపు హసన్ ఇచ్చిందేనంటారు. 1943 ఫిబ్రవరి 9న కీల్ రేవులో ఇద్దరూ యు-180 ఎక్కారు. ఆ పడవ కమాండర్‌గా ముజెన్‌బెర్గ్ చేసిన యుద్ధయాత్ర అదొక్కటే.

అప్పటి జలాంతర్గాములు నీళ్లకింద బ్యాటరీతో నడుస్తాయి. బ్యాటరీ నిండాలంటే పైకి తేలి డీజిల్ ఇంజన్లు ఆడించాలి. యు-180కి వేగం కోసం వేగపడవలకు వాడే ఆరు మెర్సిడెస్ బెంజ్ ఇంజన్లు బిగించారు. వేగమైతే వచ్చింది గానీ, దాంతోపాటు విపరీతమైన వేడీ, పొగా వచ్చాయి. మా అనంతపురం వైపు సముద్రం ఎరగని రైతుకి కూడా ఈ సంగతి విడమర్చి చెప్పక్కర్లేదు. బావిగట్టున డీజిల్ ఇంజన్ ఆడుతుంటే ఎవరి మడికి నీళ్లు పారుతున్నాయో ఊరంతటికీ తెలిసిపోయేది. సముద్రం మీద అదే పొగ శత్రు విమానానికి మన చిరునామా చెప్తుంది. ఆ పొగలో, ఆ డీజిల్ కంపులో రెండున్నర నెలలు గడిపారు వాళ్లు. బోస్ చెప్తుంటే హసన్ రాసుకునేవాడు.

ఏప్రిల్ 18న దక్షిణాఫ్రికా దగ్గర ముజెన్‌బెర్గ్‌కి కార్బిస్ అనే బ్రిటిష్ చమురు ఓడ దొరికింది. టార్పెడోలతో ముంచేశాడు. ఓడలోని వాళ్లలో చాలామంది చనిపోయారు. అతిథుల్ని దించేదాకా ఆయన వేట ఆపలేదు. ఆయన ఉద్యోగమే అది.

పది రోజుల తర్వాత మడగాస్కర్‌కు దిగువన జపాన్ జలాంతర్గామి ఐ-29 ఎదురైంది. సముద్రం పోటుమీద ఉండటంతో బోస్, హసన్ రబ్బరు తెప్పలో అటు దాటారు. అటునుంచి ఇద్దరు జపాన్ నౌకాదళ అధికారులు, జర్మనీకి చెల్లించాల్సిన దాదాపు రెండు టన్నుల బంగారం ఇటొచ్చాయి. తిరుగుదారిలో ముజెన్‌బెర్గ్ బోరిస్ అనే గ్రీకు ఓడని ముంచి, జూలై మొదట్లో బోర్డో చేరాడు.

మనం ఈ కథని తెప్ప దాటిన సాహసంగానే చెప్పుకుంటాం. అందులో కార్బిస్ ఉండదు. ఆ పడవలో బోస్ మాట చెల్లదు, నిజమే. టార్పెడో వేయించింది ఆయన కాదు. కానీ అప్పటి బ్రిటిష్ వాణిజ్య నౌకల్లో వేలమంది లస్కర్లు, అంటే మనవాళ్లే, బొగ్గు ఎత్తుతూ, ఇంజన్లు చూసుకుంటూ బతికేవాళ్లు. యు-బోట్లు ముంచిన ఓడలతో పాటు వాళ్లూ మునిగారు. మన స్వాతంత్ర్యం కోసం బయల్దేరిన మనిషిని మోసిందీ, మనవాళ్లని ముంచిందీ ఒకే దళం. ఒకదాన్ని చెప్పి రెండోదాన్ని దాటేస్తే అది సగం చరిత్రే. బోస్ మీద గౌరవం ఉన్నవాళ్లు ఈ రెండో సగానికి భయపడాల్సిన పనిలేదు.

1944 జనవరిలో ముజెన్‌బెర్గ్ యు-180ని వదిలేశాడు. ఆ ఆగస్టులో అది బిస్కే అఖాతంలో 56 మందితో మునిగిపోయింది. అంతకు నెల ముందే అమెరికన్ జలాంతర్గామి ఐ-29ని ముంచింది. హసన్ మాత్రం మిగిలాడు. స్వతంత్ర భారత విదేశాంగ శాఖలో చేరి, డెన్మార్క్‌లో రాయబారిగా పనిచేసి, 1984లో హైదరాబాద్‌లో కన్నుమూశాడు.